బోరు నీళ్ళు, తాడిపత్రి బండలు, పొద్దున్నే రెండు బాక్సులు: కొలతలతో చెప్పగలరా?

రెండుబాక్సులు, అనంతపురం

ఇద్దరం ఉద్యోగాలకు పోవాలి. పిల్లలకు ఏడున్నరకల్లా స్కూలు బస్సు. పొద్దున చేతిలో ఉండేది గంటన్నర. తాగడానికి క్యాన్ నీళ్ళు తెప్పిస్తాం, మిగతా వాడకమంతా బోరు నీళ్ళే. ఇల్లంతా తాడిపత్రి బండలు, వంటింటి గట్టు కడప బండ.

కుళాయి మూతులకు, షవర్‌కు తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. గీజర్ పటపటమంటోంది, నీళ్ళు కాగడానికి ముందుకంటే చాలాసేపు పడుతోంది. బాత్రూమ్‌లో ఆసిడ్ పోసి కడిగాక కుళాయి కింద బండ మీద తెల్ల మచ్చలు పడ్డాయి, ఎంత తోమినా పోవు. వంటింట్లో చూస్తే కందిబ్యాళ్ళు ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటాయి. సంగటి ఉండలు కడుతుంది. ఎండాకాలంలో దోసెల పిండి మరుసటి రోజుకే పులిసిపోతుంది.

ఏది రాత్రే చేసి పెట్టుకోవచ్చు, ఏది నెలకోసారి చేస్తే చాలు, ఏది అస్సలు చేయకూడదు? తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

పైపురెంచి, కర్నూలు

గీజర్‌ను ముందు చూడండి, వదిలేస్తే ఖర్చు దాంతోనే ఎక్కువ. ఆ పటపట చప్పుడు ఎలిమెంట్ మీద కట్టిన సున్నపు పెచ్చుది. పెచ్చు సందుల్లో ఇరుక్కున్న నీళ్ళు మరిగి ఆవిరై తన్నుకొస్తుంటే అట్లా మోగుతుంది. ఎలిమెంట్ వేడి నీళ్ళకు అందదు, ఎలిమెంటే వేడెక్కి ఒకరోజు మాడిపోతుంది. మెకానిక్‌ను పిలిచి ట్యాంకు విప్పించి పెచ్చు తీయించండి. విప్పినప్పుడే లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ కడ్డీ తాను అరిగిపోతుంటుంది. సన్నని తీగలాగా మిగిలి ఉంటే మార్పించాలి. బోరు నీళ్ళున్న ఇంట్లో ఏడాదికోసారి ఈ పని తప్పదు.

ఆ తర్వాత థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర పెట్టండి. నీళ్ళు ఎంత వేడెక్కితే సున్నం అంత గబగబా విడిపోయి గట్టిపడుతుంది. 70 దగ్గర పెట్టి చన్నీళ్ళు కలుపుకునే ఇంట్లో పెచ్చు చాలా తొందరగా కడుతుంది.

కుళాయిలకు ఆసిడ్ వద్దు. దాని పొగకే క్రోమ్ పూత నల్లబడుతుంది, స్టీలు తుప్పు పడుతుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్ పలుకులు) అడిగితే ఇస్తారు. అరలీటరు వేడినీళ్ళలో రెండు టీస్పూన్లు కరిగించండి. కుళాయి మూతిలో చిన్న జల్లెడ ఉంటుంది, గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. అరగంట ఆ నీళ్ళలో వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కుళాయి ధార పక్కకు చీలుతోందంటే ఆ జల్లెడ మూసుకుపోయినట్టే, వాషర్ మార్చాల్సిన పనిలేదు.

షవర్‌కైతే అవే నీళ్ళను పాలిథిన్ కవర్‌లో పోసి, తల మునిగేట్టు కట్టి, రబ్బరు బ్యాండు వేసి అరగంట ఉంచండి. రాత్రంతా వదిలేయొద్దు, పూత లేస్తుంది.

వాషింగ్ మెషిన్‌కు నీళ్ళు సన్నగా వస్తుంటే మోటార్ పోయిందనుకోవద్దు. కుళాయి కట్టేసి, వెనక పైపు విప్పితే లోపల వేలెడంత ప్లాస్టిక్ జల్లెడ కనిపిస్తుంది. పట్టకారుతో మెల్లగా లాగి కడిగి పెట్టేయండి. పది నిమిషాల పని. డ్రమ్ములో పెచ్చుకు రెండు నెలలకోసారి వంద గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, బట్టలు లేకుండా 60 డిగ్రీల వేడినీళ్ళతో తిప్పండి.

ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్, వీటిలో ఏదైనా సరే బ్లీచింగ్ పౌడర్‌తో కలవకూడదు. ముందు దానితో కడిగి, నీళ్ళు పోయకుండా దీన్ని పోసినా అంతే. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

బండలపని, బేతంచెర్ల

పైపురెంచి అన్న చెప్పినదంతా సరే. కానీ ఈ ఇంట్లో ఆ పనులు చేసేటప్పుడు కుళాయి కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి తీరాలి. నిమ్మ ఉప్పు నీళ్ళు బండ మీద కారితే ఆసిడ్ చేసిన పనే అదీ చేస్తుంది, కాస్త నిదానంగా.

తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండలు మూడూ సున్నపురాయే. కుళాయికి పట్టిన పెచ్చూ సున్నమే. పెచ్చును కరిగించే పులుపు బండను వదలదు. ఆసిడ్ పడగానే బుసబుసా నురగ వస్తుంది చూడండి, మురికి పోతోందని సంతోషపడతారు గానీ అక్కడ కరిగేది రాయే. అందుకే మీ తెల్ల మచ్చ ఎంత తోమినా పోవడం లేదు. అది బండకు అంటిన మరక కాదు, బండ మీద నున్నటి పొర పోయి గరుకు తేలిన చోటు. తడిపితే మచ్చ కనబడదు, ఆరగానే మళ్ళీ తేలుతుంది. వేలితో రాస్తే చుట్టూ నున్నగా, అక్కడ సన్నని ఇసుక కాగితంలాగా తగులుతుంది.

అరచేయంత మచ్చయితే మీరే సరిచేసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో నీళ్ళలో వాడే ఎమరీ పేపర్ 400, 800, 1500 నంబర్లవి తలా ఒకటి తెచ్చుకోండి. పేపర్‌ను చిన్న చెక్కముక్కకు చుట్టి, నీళ్ళు చల్లుతూ 400తో గుండ్రంగా అయిదు నిమిషాలు రుద్దండి. బూడిదరంగు బురద వస్తుంది, దాన్ని పూర్తిగా కడిగేశాకే 800 పట్టాలి. పాత బురదలో ఉన్న ముతక రేణువులు ఉండిపోతే కొత్త గీతలు పడతాయి. చివరికి 1500. మచ్చ అంచు దాటి నాలుగు వేళ్ళ వెడల్పు బయటికీ రుద్దండి, లేకపోతే గుంటలాగా కనిపిస్తుంది. గది మొత్తం పాడైతే మాత్రం మెషిన్ పాలిషింగ్ తప్ప దారి లేదు. నల్ల కడప బండకు కొబ్బరినూనె పూస్తే మచ్చ కప్పినట్టు ఉంటుంది గానీ వారంలో దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

రోజూ తుడవడానికి అర బకెట్ నీళ్ళకు ఒక టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. బాత్రూమ్‌లో స్నానాలయ్యాక రబ్బరు వైపర్‌తో నీళ్ళు లాగేయండి, అరనిమిషం పని. తెల్లపొర ఆరిన నీళ్ళ నుంచే కదా, నీళ్ళు నిలవకపోతే పొర కట్టదు. ఇప్పటికే కట్టిన పొరను కొత్త బ్లేడును బండకు పడుకోబెట్టినట్టు పట్టి గీకండి. నిలబెట్టి గీకితే గాట్లు పడతాయి.

గట్టు మీద కూడా జాగ్రత్త. నిమ్మచెక్క పిండి బోర్లా పెట్టి మరిచిపోతే పది నిమిషాల్లో దాని అంచంత గుండ్రటి తెల్ల గీత పడుతుంది. చింతపండు రసం, టమోటా, పెరుగు కూడా అంతే. నిమ్మకాయలు కోయడానికి చెక్కపీట వాడండి.

రెండుబాక్సులు, అనంతపురం

నీళ్ళు పోస్తే మచ్చ కనబడకపోవడం నిజమే, ఇప్పుడే చూశాను. గోడకు ఉన్న టైల్స్ మీద నిమ్మ ఉప్పు వాడొచ్చా?

బండలపని, బేతంచెర్ల

సిరామిక్ టైల్‌కు ఏమీ కాదు. టైల్స్ మధ్య సందుల్లో సిమెంటు ఉంటుంది, దాన్ని తింటుంది. స్ప్రే చేయొద్దు. గుడ్డ తడిపి టైల్ మీద మటుకే రుద్ది, అయిదు నిమిషాల్లో మంచినీళ్ళతో తుడిచేయండి. కారకుండా కింద మడతపెట్టిన పాత తువ్వాలు వేయండి. సందులు తెరుచుకుంటే నీళ్ళు లోపలికి దిగి కింది ఇంటి స్లాబు చెమ్మ పడుతుంది.

సంగటికట్టె, కడప

అక్కా, వంటింటి సంగతి నేను చెప్తాను.

బ్యాళ్ళు ఉడకకపోవడానికీ కారణం ఆ నీళ్ళే. నీళ్ళలో ఉన్న కాల్షియం పప్పును బిగదీస్తుంది, ఎన్ని విజిల్స్ వేసినా మెత్తబడదు. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ క్యాన్ నీళ్ళే పోయండి. గ్లాసు పప్పుకు మూడు గ్లాసులు, రాత్రే నానేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున మూడు విజిల్స్ చాలు. వంటసోడా చిటికెడు వేసినా ఉడుకుతుంది గానీ పప్పులోని బి1 విటమిన్ పోతుంది, రోజూ వేయకండి. అసలు వంట మొత్తానికి క్యాన్ నీళ్ళు వాడటమే మేలు. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, కాచినా అది పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు: పుల్లకూర, చింతపండు, టమోటా పప్పుతోపాటే వేసేయడం. పులుపు తగిలితే పప్పు అక్కడే ఆగిపోతుంది. పప్పు మెదిగాక కలపండి, లేదా కుక్కర్‌లోనే పైన చిన్న గిన్నెలో విడిగా పెట్టండి.

సంగటికి నలుగురికి ఈ లెక్క. గ్లాసు బియ్యం, అయిదు గ్లాసుల నీళ్ళు, గ్లాసున్నర రాగిపిండి. బియ్యం ఇరవై నిమిషాలు నానాక కుక్కర్‌లో నాలుగు విజిల్స్. మూత తీస్తే అన్నం మీద గంజి తేలుతూ ఉండాలి, లేకపోతే వేడినీళ్ళు అరగ్లాసు పోయండి. ఉప్పేసి, పిండినంతా మధ్యలో కుప్పగా పోసి, కట్టె కాడతో కుప్ప నడుమ అడుగుదాకా ఒక బొక్క పెట్టండి. కలపొద్దు. విజిల్ పెట్టకుండా మూత పెట్టి, సన్న సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఆ బొక్కలోంచి గంజి పైకి పొంగుతూ పిండిని ఉడికిస్తుంది.

ఉండలు ఎందుకు కడతాయంటే, పచ్చిపిండినే కలిపేస్తే ఉండ పైపొర ఉడికి బిగుసుకుంటుంది, లోపలికి నీళ్ళు పోవు. పిండి రంగు ముదిరి, తడిపొడి తేడా లేకుండా అయ్యాకే దించి, కట్టెతో అంచుకు అదుముతూ గెలకాలి. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు.

దోసెల పిండి పులిసిపోవడం ఎండాకాలంలో ఎవరికైనా ఉండేదే. నాలుగు గ్లాసుల బియ్యం, గ్లాసు ఉద్దిపప్పు, టీస్పూన్ మెంతులు. ఫ్రిజ్‌లోనే నానబెట్టి, ఐసు నీళ్ళతో రుబ్బండి. గ్రైండర్ వేడికే పిండి సగం పులుస్తుంది. బయట నాలుగైదు గంటలు చాలు. మూడోవంతు పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి, పూర్తిగా పొంగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, చల్లబడేలోపు లోపల ఇంకా పులుస్తుంది. ఒకే పెద్ద గిన్నె వద్దు. రోజుకొకటి చొప్పున చిన్న డబ్బాల్లో సర్దితే ఏ రోజుది ఆ రోజు తీయొచ్చు, మిగతాది కదలదు.

పిండి లేని రోజు ఉగ్గాని ఉండనే ఉంది. ఎర్రగడ్డలు, మిరపకాయలు రాత్రే కోసి పెట్టుకుంటే పావుగంట పని. బొరుగులు నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి, పిడికిట గట్టిగా పిండాలి. చెమ్మ మిగిలితే ముద్దవుతుంది. తిరగవాతలో బొరుగులు వేసి రెండు నిమిషాలు వేడిచేసి, పొయ్యి కట్టేశాకే పప్పుల (పుట్నాల) పొడి, నిమ్మరసం కలపండి. మంట మీద వేస్తే పొడి అడుగంటుతుంది, రసం చేదెక్కుతుంది.

బాక్సుల్లోకి ఎండాకాలం కొబ్బరి చట్నీ పంపొద్దు, మధ్యాహ్నానికి వాసన వస్తుంది. చెనిక్కాయల పొడి చేసి పెట్టుకోండి. పావుకిలో చెనిక్కాయలు, పన్నెండు ఎండుమిరపకాయలు, ఎనిమిది తెల్లగడ్డ పాయలు, టీస్పూనున్నర ఉప్పు. గింజలు సన్న సెగన పదినిమిషాలకు పైగా వేగాలి. పూర్తిగా ఆరాక మిక్సీని ఆపి ఆపి తిప్పండి, ఒకే పట్టున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. తెల్లగడ్డ చివరి తిప్పుడులో. బూజు పట్టినవీ, ముడుచుకుపోయి రంగు మారినవీ వేయించకముందే ఏరేయండి, ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు.

అన్నం ఏదైనా సరే పళ్ళెంలో పరిచి ఆవిరి పోయాకే డబ్బా మూత పెట్టండి. వేడి మీద మూసేస్తే మూతకు చెమట పట్టి నీళ్ళు అన్నంలోకే కారతాయి.

రెండుబాక్సులు, అనంతపురం

గీజర్ మెకానిక్‌ను ఆదివారం రమ్మన్నాం. కంది బ్యాళ్ళు క్యాన్ నీళ్ళలో నానేశాను. మా స్టీలు సంపు మూతకూ తెల్లపొర ఉంది, దానికి నిమ్మ ఉప్పు సరిపోతుందా?

పైపురెంచి, కర్నూలు

సరిపోతుంది, కానీ మూతను ఎత్తి బయట మట్టి నేల మీదకు తీసుకెళ్ళి రుద్దండి. సంపు మీదే కడిగితే ఆ నీళ్ళన్నీ సంపులోకే పోతాయి, కింద బండ ఉంటే దాని మీదకూ పోతాయి.