ఎయిర్‌స్పీడ్ 68 ఉన్నా స్టాల్ హార్న్ ఎందుకు మోగింది?

కొత్తరెక్క (ఫీనిక్స్, అరిజోనా):

అందరికీ నమస్కారం. ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటున్నాను. ఇప్పటికి 23 గంటలయింది. విమానం సెస్నా 172ఎస్.

నిన్న ఫ్లాప్స్ (రెక్క వెనకంచున కిందికి దించే పలకలు) లేకుండా ల్యాండింగులు ప్రాక్టీస్ చేస్తున్నాం. బేస్‌లో (రన్‌వేకి అడ్డంగా వెళ్లే దారిలో) ఉండగా వెనకగాలి బాగా తోసింది. ఫైనల్‌కి (రన్‌వేకి సూటిగా దిగే దారికి) తిరిగేసరికి రన్‌వే లైను దాటిపోతున్నానని తెలిసిపోయింది. విమానాన్ని ఇంకాస్త వంచి, యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) గట్టిగా లాగాను. బ్యాంక్ (రెక్కల వంపు) 45 డిగ్రీలు దాటే ఉంటుంది. ఒక్కసారిగా, స్టాల్ రాబోతోందని హెచ్చరించే హార్న్ కూత మొదలైంది. ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ తీసుకుని, యోక్ ముందుకు తోసి, రెక్కలు సరిచేసి, దిగకుండా మళ్లీ పైకి లేపి గో అరౌండ్ చేశారు. దిగాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

నాకు అర్థం కానివి రెండున్నాయి. ఎయిర్‌స్పీడ్ 68 నాట్లు ఉంది, నా కళ్లతో చూశాను. మీటరు మీద మామూలు స్పీడులు చూపే పచ్చ గీత (గ్రీన్ ఆర్క్) 48 దగ్గర మొదలవుతుంది, అంటే ఇంకా 20 నాట్లు చేతిలో ఉన్నట్టే కదా? రెండోది, పైన స్టాల్ ప్రాక్టీస్ చేసినప్పుడు ముక్కు ఆకాశం వైపు ఉండేది. నిన్న ముక్కు హొరైజన్ కిందే ఉంది. అలాంటప్పుడు స్టాల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? బయట 41 డిగ్రీల ఎండ, దానివల్లనా?

రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న "ఇంజిన్ ఆగిపోయిందా?" అని కంగారుపడ్డారు. కాదని చెప్పాను కానీ మరి ఏమైందంటే చెప్పలేకపోయాను.

ఎండమావి:

ఎండ సంగతి వరకు నేను చెప్తాను. హార్న్ మోగింది ఎండవల్ల కాదు. గాలి పల్చబడితే రెక్కకి అందే ఒత్తిడి ఎంత తగ్గుతుందో, ఎదురుగాలి ఒత్తిడితో స్పీడు కొలిచే పిటాట్ ట్యూబుకి అందేదీ అంతే తగ్గుతుంది. అందుకని మీటరు మీద కనిపించే స్టాల్ స్పీడ్ వేసవిలోనూ చలికాలంలోనూ ఒకటే.

కానీ లైను దాటిపోవడంలో ఎండ చెయ్యి ఉంది. అంత వేడిలో సర్క్యూట్ (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తున మీటరు 68 చూపిస్తే గాలిలో మీ అసలు వేగం 74 దాకా ఉంటుంది. బ్యాంక్ అంతే ఉంచితే మలుపు దాదాపు ఐదో వంతు వెడల్పవుతుంది. దానికి వెనకగాలి తోడైంది. ఎండాకాలం మలుపు ముందే మొదలుపెట్టండి.

బేగంపేట అక్క:

తమ్ముడూ, చేతులు వణికినందుకు బాధపడకు. ఆ కూత ఎందుకొచ్చిందని అడిగావు చూడు, అది నాకు సంతోషం. నేను 19 ఏళ్లుగా ఫ్లయింగ్ నేర్పుతున్నాను, ఎక్కువగా సెస్నా 152, 172ల మీదే. సోలోకి పంపే ముందు ప్రతి స్టూడెంట్‌తోనూ ఈ మలుపు గురించే కూర్చుని మాట్లాడతాను.

కాసేపు స్పీడు మాట పక్కన పెట్టు. రెక్క స్టాల్ అయ్యేది స్పీడు తగ్గినందుకు కాదు, ఎదురొచ్చే గాలికీ తనకూ మధ్య కోణం మితిమీరినందుకు. ఆ కోణమే యాంగిల్ ఆఫ్ అటాక్. మన చిన్న విమానాల్లో అది సుమారు 15, 16 డిగ్రీలు దాటితే రెక్క పైభాగాన్ని అంటుకుని పారే గాలి ఊడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పడిపోతుంది, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) పెరుగుతుంది. స్టాల్ అంటే ఇదే, ఇంజిన్‌తో దీనికి సంబంధం లేదు. నాన్నగారికి అలాగే చెప్పు, ఇంజిన్ శుభ్రంగా నడుస్తోంది, రెక్క మీద గాలి పట్టు తప్పబోతుంటే హార్న్ ముందే చెప్పింది అని.

చిన్నప్పుడు సంక్రాంతికి గాలిపటానికి సూత్రం కట్టేవాళ్లం కదా. ముడి కాస్త కిందికి జారితే పటం గాలికి అడ్డంగా నిలబడేది. చెయ్యి తెగేలా లాగేది కానీ పైకి లేచేది కాదు. మా అన్నయ్య దాన్ని దింపి, ముడి వేలెడంత పైకి జరిపి కట్టేవాడు. అదే గాలి, అదే పటం, జివ్వున ఎక్కేసేది. వాడు మార్చింది కోణం ఒక్కటే.

ఇప్పుడు నీ ముక్కు సంగతి. ముక్కు ఎటు చూస్తోందన్నది వేరు, విమానం ఎటు వెళ్తోందన్నది వేరు. గాలి ఎదురయ్యేది నువ్వు వెళ్తున్న దిక్కు నుంచి. దిగుతున్నావు కాబట్టి గాలి కాస్త కింది వైపు నుంచి వస్తోంది. నువ్వు యోక్ లాగి రెక్కని ఆ గాలి నుంచి ఇంకా పైకి తిప్పావు. హొరైజన్‌తో పోలిస్తే ముక్కు కిందే ఉండొచ్చు, గాలితో పోలిస్తే మాత్రం చాలా పైకి ఉంది. ముక్కు నేలవైపు ఉన్నప్పుడు కూడా రెక్కని స్టాల్ చేయొచ్చు.

ఇక 48. అది నిండు బరువుతో, రెక్కలు సమంగా, మెల్లగా స్పీడు తగ్గించుకుంటూ వెళ్తే వచ్చే అంకె. ఎత్తు పోకుండా 45 డిగ్రీలు వంచి తిరిగితే రెక్క 1.41 రెట్లు బరువు మోయాలి, స్టాల్ స్పీడ్ 1.19 రెట్లవుతుంది. అంటే 57. అరవై డిగ్రీలకి బరువు రెట్టింపు, స్టాల్ స్పీడ్ 1.41 రెట్లు, అంటే 68. నీ మీటరులో ఉన్న అంకె! హార్న్ స్టాల్‌కి 5 నుంచి 10 నాట్ల ముందే మోగుతుంది. 57కి ఆ పది కలిపి చూడు. చేతిలో 20 నాట్లు ఉన్నాయనుకున్నావు, నీ లాగుడు అందులో చాలావరకు తినేసింది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. స్టాల్ తెచ్చేది వంపు కాదు, లాగడం. అదే 45 డిగ్రీల బ్యాంక్‌లో చెయ్యి సడలించి ముక్కుని జారనిస్తే రెక్క మీద బరువు తగ్గుతుంది, కూత ఆగిపోతుంది. మీ ఇన్‌స్ట్రక్టర్ రెక్కలు సరిచేసే ముందు యోక్ తోశారని రాశావే, ఆ వరస గుర్తుపెట్టుకో. ముందు కోణం తగ్గాలి, తర్వాతే మిగతావి.

ఆ హార్న్ ఎలా మోగుతుందో తెలుసా? 172లో దానికి కరెంటు అక్కర్లేదు. ఎడమ రెక్క ముందంచులో చిన్న కంత ఉంటుంది. కోణం పెరిగేకొద్దీ పైభాగంలో ఉండే తక్కువ పీడనం ముందంచు మీదికి జరుగుతుంది. అది కంత దగ్గరికి రాగానే లోపలి గాలిని పీలుస్తుంది, ఆ గాలి విండ్‌షీల్డ్ ఎడమ మూల దగ్గరున్న హార్న్ గుండా పోతూ హార్మోనియం రీడులా కూస్తుంది. అంటే అది వినేది స్పీడుని కాదు, కోణాన్ని. అందుకే ఏ మలుపులోనైనా నిజమే చెప్తుంది. ప్రీఫ్లైట్‌లో ఆ కంత మీద శుభ్రమైన రుమాలు పెట్టి నోటితో పీల్చి చూడు, కూత వినిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు భయమైన విషయం ఇంకోటుంది. నిన్న నువ్వు బ్యాంక్ పెంచావు. అంత వంచడానికి భయపడి, ముక్కుని రన్‌వే వైపు తిప్పాలని లోపలి వైపు రడ్డర్ (తోక మీది చుక్కాని) తొక్కేవాళ్లు చాలామంది. ఎడమ మలుపు అనుకో. ఎడమ రడ్డర్ ఎక్కువైతే బయటి రెక్క వేగంగా తిరిగి లేస్తుంది, బ్యాంక్ తనంతట తనే పెరుగుతుంది. దాన్ని ఆపడానికి కుడి ఎయిలెరాన్ (రెక్కల చివర వెనకంచున ఉండి విమానాన్ని పక్కకి వంచే పలక) ఇస్తారు. ముక్కు జారుతుంటే యోక్ లాగుతారు. ఆ కుడి ఎయిలెరాన్‌తో ఎడమ రెక్క మీద ఎయిలెరాన్ కిందికి దిగి, అక్కడ కోణం ఇంకా పెరుగుతుంది. ముందు ఆ రెక్కే స్టాల్ అవుతుంది. విమానం ఎడమకి తిరగబడి స్పిన్‌లో పడుతుంది. నాలుగైదు వందల అడుగుల ఎత్తులో దాన్నుంచి బయటపడే చోటు లేదు. నా దగ్గర నేర్చుకున్న ఎవరూ ఆ పని చేయకూడదని ఎంత కోరుకుంటానో చెప్పలేను. సర్క్యూట్‌లో 30 డిగ్రీలు దాటనివ్వకు. విమానం పక్కకి జారుతోందో లేదో చూపే మీటరులోని బంతిని మధ్యలో ఉంచు. లైను దాటిపోయావా, దాటిపోనీ. రెక్కలు సమం చేసి, పవర్ ఇచ్చి, ఇంకో రౌండు తిరిగి రా.

ఈసారి పైకి వెళ్లినప్పుడు నేల నుంచి కనీసం మూడు వేల అడుగుల పైన మలుపులో స్టాల్ చూపించమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగు. ఒంటరిగా మాత్రం వద్దు. ఎయిర్‌స్పీడ్ మీద కాగితం అంటించి చేయమంటే ఇంకా మంచిది. యోక్ ఎంత వెనక్కి వచ్చిందో నీ మోచేతికి తెలుస్తుంది, ఆ తెలివిడి మీటరు కంటే త్వరగా పనికొస్తుంది.

తుంగభద్ర:

అక్క చెప్పిన ముక్కు, గాలి తేడాకి పెద్ద విమానంలో జరిగిన ఘోరం ఒకటుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447. పిటాట్ ట్యూబుల్లో మంచు గడ్డకట్టి స్పీడు రీడింగులు పోయాయి, ఆపైన విమానం స్టాల్‌లోకి వెళ్లింది. పడిపోతున్నంతసేపూ ముక్కు చాలావరకు పైకే ఉంది, ఎక్కడానికి పెట్టినట్టు 15 డిగ్రీల దరిదాపుల్లో. కానీ విమానం చాలా వేగంగా కిందికి దిగిపోతోంది కాబట్టి గాలి కింది నుంచి కొడుతోంది, యాంగిల్ ఆఫ్ అటాక్ 35 డిగ్రీలు దాటిపోయింది. 228 మంది పోయారు.

చిన్న విమానాలకి యాంగిల్ ఆఫ్ అటాక్ మీటరు పెట్టుకోవడాన్ని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 2014లో సులభం చేసింది. మీ క్లబ్బులో అది ఉన్న విమానం దొరికితే ఒక గంట ఎగరండి. మలుపులో యోక్ లాగుతుంటే గుర్తులు ఎర్రరంగు వైపు వెళ్లడం కళ్లకి కనిపిస్తుంది.

కొత్తరెక్క:

అక్కా, చాలా థాంక్స్. తుంగభద్ర గారికి, ఎండమావి గారికి కూడా.

ఈరోజు పొద్దున ఆరింటికే, ఎండ రాకముందే వెళ్లాం. ముందు రుమాలు పెట్టి పీల్చాను, కూసింది. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే నిలబడి చూశారు. తర్వాత 5,000 అడుగులకి ఎక్కి, ఎయిర్‌స్పీడ్ మీద పసుపు కాగితం అంటించి, 45 డిగ్రీల బ్యాంక్‌లో మెల్లగా లాగమన్నారు. కూత మొదలైంది, కాసేపటికి సీటు అదిరింది. బ్యాంక్ అలాగే ఉంచి వేళ్లు సడలించాను, రెండు అంగుళాలు కూడా ఉండదు. కూత ఆగిపోయింది. నాలుగుసార్లు చేశాం.

సర్క్యూట్‌కి తిరిగొచ్చాక రెండో రౌండులో మళ్లీ లైను దాటాను. ఈసారి లాగలేదు. "గోయింగ్ అరౌండ్" అని రేడియోలో చెప్పాను. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి గాలిపటం సూత్రం గురించి చెప్పాను. ఆయన వెంటనే, "ముడి పైకి జరిపావా?" అన్నారు.