హెపటైటిస్ బి ఉంది, ఇప్పుడు ఫ్యాటీ లివర్ కూడా అన్నారు (చెన్నై)

వేళచ్చేరి_వాసి: అన్నయ్యకి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష) పాజిటివ్. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే డీఎన్‌ఏ 800, కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ 68, స్కాన్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. ఏఎల్‌టీ పెరిగింది వైరస్ వల్లా, కొవ్వు వల్లా? కాలేయం గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌కి ఎంతవుతుంది?

టీనగర్_ల్యాబ్: 800కి అంత ఏఎల్‌టీ అంటే కొవ్వు మీదే అనుమానం. బి ఉన్నవాళ్ళకి కొవ్వు పడితే డీఎన్‌ఏ తక్కువగా కనిపించడం మామూలే, అది చూసి ఊరట పడొద్దు. షుగర్, ఊబకాయం తోడైతే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఫైబ్రోస్కాన్‌కి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టులో 10 రీడింగులు ఉన్నాయో లేదో చూడండి. మనిషి లావైతే ఎక్స్‌ఎల్ ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరంలో పెద్దది) పెట్టమనండి.

పెరంబూర్_పెద్దాయన: ఇవన్నీ ఎందుకు? కీళానెల్లి, అదే మన నేల ఉసిరి, పరగడుపున మజ్జిగలో నూరి తాగమనండి. మద్రాసు వాళ్ళే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు.

టీనగర్_ల్యాబ్: 1988 నాటి వ్యాసం అది. 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందన్నారు. తర్వాత వేరేచోట్ల చేస్తే ఆ ఫలితం రాలేదు.

పెరంబూర్_పెద్దాయన: ఏ ఆకో, ఎప్పుడు కోశారో చూడకుండా చేస్తే ఎలా వస్తుంది? కామెర్లు తగ్గాయని ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు!

అడయార్_ఫార్మా: ఎ, ఇ రకం కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయండీ, పేరేమో ఆకుకి. టెనోఫోవిర్ (హెపటైటిస్ బి మందు) వాడేవాళ్ళు ఆకును నమ్మి మాత్ర ఆపితే వైరస్ తిరగబడి ప్రాణం మీదకి వస్తుంది. ఆ మాట చెప్పకుండా ఆకు ఊసెత్తకండి.

ఆవడి_సి3: హెపటైటిస్ సి గురించి ఎవరూ మాట్లాడరేం? అందులో జీనోటైప్ 3 అనే రకం అయితే వైరస్సే కాలేయంలో కొవ్వు పేరుస్తుంది. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు 12 వారాలు వాడి వైరస్ పోతే ఆ కొవ్వూ తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ (ఇదివరకు బి సోకిందేమో చెప్పే పరీక్ష) తప్పకుండా చేయించాలి. సి పోతుంటే లోపల దాగిన బి లేవొచ్చు.

వేళచ్చేరి_వాసి: డీఎన్‌ఏ 2,000 దాటలేదుగా, మందు అక్కర్లేదన్నారు.

అడయార్_ఫార్మా: ఆ ఒక్క అంకె చాలదు. ఫ్యాటీ లివర్, షుగర్, ఇంట్లో లివర్ క్యాన్సర్ లాంటివి ఉంటే డీఎన్‌ఏ ఎంతున్నా మందు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. అది చూపించి గట్టిగా అడగండి. టెనోఫోవిర్‌లో టీఏఎఫ్ రకం రాస్తే బరువు, కొలెస్ట్రాల్ చూసుకోవాలి. టీడీఎఫ్ రకం అయితే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష). మందు ఏదైనా బరువు 7 నుంచి 10 శాతం తగ్గాల్సిందే.

టీనగర్_ల్యాబ్: ఇంట్లో మిగతావాళ్ళకి హెచ్‌బీఎస్‌ఏజీ చేయించారా? నెగెటివ్ వచ్చి, ఇదివరకు టీకా వేయించుకోకపోతే 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు వేయించండి.