అప్‌డేట్: 18 నిండే అబ్బాయికి గార్డియన్‌షిప్, పర్లాకిమిడి నుంచి

మేధో వైకల్యం ఉన్న మావాడికి గార్డియన్‌షిప్ (వాడి తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ సంరక్షణ) కోసం సొంతూరు శ్రీకాకుళం వెళ్లాలా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను. అక్కర్లేదు. మా కాపురం పర్లాకిమిడిలో, అంటే ఒడిశాలోని గజపతి జిల్లాలో కాబట్టి ఇక్కడి కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఫారం-ఎ అనే దరఖాస్తు ఇవ్వాలి. తల్లిదండ్రులిద్దరం కలిసే పెడుతున్నాం.

18 దాటితే కన్నవాళ్ల సంతకం దానంతటది చెల్లదు. బ్యాంకులో చిక్కు అక్కడే. ఈ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే వర్తిస్తుంది, కాబట్టి సర్టిఫికెట్‌లో వైకల్యం పేరు ముందే సరిచూసుకోండి.

అసలు పని గార్డియన్‌గా నియామకం అయ్యాకే. 6 నెలల్లో వాడి ఆస్తులు, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటా మార్చి ముగిశాక 3 నెలల్లో లెక్కలు చూపాలి. ఇంటి ఖర్చులతో కలిస్తే ఆ లెక్క తేలదు (మనింట్లో మామూలేగా), అందుకే వాడి డబ్బుకి వేరే ఖాతా.