రైజెన్ 5 2600 ప్రాసెసర్ మార్చాలా, ఇంకో ఏడాది లాగించాలా?

ప్రశ్న: నా పీసీలో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. సైబర్‌పంక్ గేమ్‌లో మార్కెట్ జనంలోకి వెళ్లగానే ఫ్రేములు ధబేల్‌మని పడిపోతున్నాయి, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించినా అంతే. ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే చాలా, బోర్డు కూడా మార్చాలా?

జవాబు 1: సెట్టింగ్స్ తగ్గించినా లాభం లేదంటే తప్పు కార్డుది కాకపోవచ్చు. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు ఎంత పనిచేస్తోందో చూపే యాప్) పెట్టి చూడండి, ఫ్రేములు పడినప్పుడు కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఆగిపోతుంటే ప్రాసెసరే అడ్డు. బోర్డు జోలికి పోకండి, బయోస్ (బోర్డులో ఉండే స్టార్టప్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే అదే ఏఎం4 సాకెట్‌లో (చిప్ కూర్చునే చోటు) కొత్త రైజెన్ 5 5600 ప్రాసెసర్ కూర్చుంటుంది.

జవాబు 2: అదే సాకెట్‌లో పట్టే రైజెన్ 7 5700ఎక్స్3డీ దొరికితే అదే తీసుకోండి బ్రో. 5600లో ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ, గేముల్లో పనికొస్తుంది) 32 ఎంబీ, దీంట్లో 96. కాకపోతే కూలర్ విడిగా కొనాలి.

జవాబు 3: 3060కి అంత అక్కర్లేదు, ఆ డబ్బు దాచుకోండి. పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి, తర్వాత చేద్దామంటే పాత బయోస్ కొత్త చిప్‌ని గుర్తుపట్టక స్క్రీనే రాదు. ఇంకోటి, విప్పే ముందు కాసేపు గేమ్ ఆడి, పీసీ ఆపేసి, చిప్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ వెచ్చగా ఉన్నప్పుడే కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి, నిలువునా లాగితే చిప్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

ప్రశ్న అడిగినవారు: చూశాను, కార్డు వాడకం 55 శాతం దాటట్లేదు. నా మానిటర్ 75 హెర్ట్జే, అంటే సెకనుకు 75 ఫ్రేములకు మించి చూపదు, కాబట్టి 5600కే ఫిక్స్.