రిలేని ‘అంచె’ అనవచ్చా?

ప్రశ్న: సహకార వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద, అంటే ఒకరి సిగ్నల్‌ని చేరవేయడానికి వేరే పరికరాలు సాయపడేవాటి మీద, తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘రిలే’కి (సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే మధ్య పరికరం) ‘అంచె’ అనీ, ‘లిమిటెడ్ ఫీడ్‌బ్యాక్’కి ‘పరిమిత ప్రతిస్పందన’ అనీ పెట్టాను. కుదిరాయంటారా?

జవాబు: అంచె మంచి మాటండీ. కన్నడంలో తపాలాని ఇప్పటికీ అంచె అనే అంటారు. పేచీ ఒక్కటే: ‘అంచెలంచెలుగా’ అలవాటైన చెవికి ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉన్నట్టు తోస్తుంది. ఇక్కడ రిలేలు పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్య పక్కపక్కన ఉంటాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటాం. ఆ సంగతి మొదట్లోనే చెప్పేస్తే చాలు.

ప్రశ్నకర్త: మరి ఫీడ్‌బ్యాక్?

జవాబు: దానికి ఎంపిక ఎలా జరుగుతుందో చూడాలి. ప్రతి రిలేకీ రెండు దారులు: తనదాకా వచ్చేది, తన నుంచి పోయేది. రెంటిలో బలహీనమైనదే దాని సత్తా. ఆ సత్తా ఎక్కువున్న రిలేకే పని అప్పగిస్తారు. 2006లో బ్లెట్సాస్, ఖిస్తీ, రీడ్, లిప్‌మన్ అనే పరిశోధకులు చూపిన పద్ధతిలో దారి ఎంత బాగుంటే రిలే అంత చిన్న టైమర్ పెట్టుకుంటుంది. ముందు ముగిసినది పలుకుతుంది, మిగతావి ఊరుకుంటాయి. (రెండు టైమర్లు దాదాపు ఒకేసారి ముగిస్తే ఆ రిలేల సిగ్నళ్లు ఢీకొంటాయి, అది వేరే తలనొప్పి.) అలా కాక అందుకునేవాడే ఎంచితే, ఎవరిని ఎంచాడో వెనక్కి చెప్పాలి. 8 రిలేలుంటే 3 బిట్లు, 16 ఉంటే 4 చాలు. ఛానెల్ (సిగ్నల్ ప్రయాణించే దారి) కొలతలన్నీ పంపనక్కర్లేదు. ‘లిమిటెడ్’ అన్నది ఈ పొదుపునే.

‘ప్రతిస్పందన’ అంటే రెస్పాన్స్ అయిపోతుంది. ఆంప్లిఫయర్ ఫీడ్‌బ్యాక్‌లో అవుట్‌పుట్ సిగ్నల్లో కొంత ఇన్‌పుట్‌కి తిరిగొస్తుంది, అదీ ఇది కాదు. ఇక్కడ వెనక్కి పోయేది సమాచారం. నేనైతే ‘తిరుగు కబురు’ అంటాను.

మరొకరు: కబురు మరీ మాటల్లో వాడే పదంలా లేదూ? పాఠంలో బరువు తగ్గుతుందేమో.

జవాబు: తగ్గనివ్వండి. కబురు చేరేలోపు ఛానెల్ మారిపోతే, ఎంచిన రిలే అప్పటికి మేలైనది కాకపోవచ్చు. దాన్ని ‘పాతబడిన కబురు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘కాలాతీత ప్రతిస్పందన’ అని చూడండి, ఏం తెలుస్తుంది?

ఇంకొకరు: ‘సహకార’ అనగానే నాకు సంఘం, వాటా ధనం గుర్తొస్తున్నాయి. ‘తోడ్పాటు నెట్‌వర్కు’ అనకూడదా?

ప్రశ్నకర్త: అంచె, తిరుగు కబురు రెండూ తీసుకుంటున్నానండీ. ‘సహకార’ మాత్రం ఉంచేస్తాను, ‘తోడ్పాటు’ అని వెతికేవాళ్లు ఉండరు.