సమస్యాపూరణం: వీడి వెళ్లువాడె విడువలేడు

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం.

వీడి వెళ్లువాడె విడువలేడు

ఐదు సూర్యగణాలు (మూడు మాత్రల గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) వీ–వి. విషయం ఫుట్‌బాల్ కోచ్. జట్టును వదిలి ఇంకో జట్టుకు వెళ్లే కోచ్‌లో విశ్వాసం ఉందా లేదా అన్న గొడవ మన దక్షిణ ఒడిశాలో 2025 నవంబరు నుంచి చల్లారలేదు. కోచ్ సెర్హియో లొబేరా ఒడిశా ఎఫ్‌సీని వదిలి కోల్‌కతా జట్టు మోహన్ బగాన్‌కు వెళ్లాడు. బరంపురం నుంచి రైలెక్కి భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియానికి పోయి గొంతు పోయేలా అరిచినవాళ్లు మనలోనే ఉన్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీని సొంత జట్టు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరి బాధా పద్యంలోకి రావాలనే ఈ పాదం ఇచ్చాను. అరసున్నలు పట్టించుకోను. గణాలు, యతి మాత్రం తప్పకూడదు.

పర్లాకిమిడి తమ్ముడు:

కోటి మాటలాడి కొత్త జెర్సీ తొడ్గి
నాటి యూరి పేరు నమిలి మింగి
ప్రేమ యనెడి మాట పెదవిపై మాత్రమే
వీడి వెళ్లువాడె విడువలేడు?

అన్నా, నాకు ఇంకోలా రాలేదు. 2023 నవంబరులో ఏఎఫ్‌సీ కప్పులో మోహన్ బగాన్‌ను కోల్‌కతాలో వాళ్ల మైదానంలోనే 5–2తో ఓడించాం. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. ఆ మ్యాచ్ గెలిపించిన మనిషే రెండేళ్లకు వాళ్ల బెంచీ మీద కూర్చున్నాడు. దీన్ని ఏమనాలి?

*నిర్వాహకుడు:* తమ్ముడూ, యతులన్నీ పడ్డాయి. ప్రే–పె కూడా సరైనదే. "నమిలి మింగి" చాలా బలంగా ఉంది. ఆ కోపం నిజమైనది కాబట్టే అంత సూటిగా వచ్చింది. కానీ చివర ప్రశ్నార్థకం పెట్టి సమస్యను పక్కకు తోశావు. ఇచ్చిన పాదం "వీడి వెళ్లేవాడే విడువలేనివాడు" అంటోంది. అది ఎలా నిజమో చూపించడమే పూరణ. "అలా ఎలా అవుతుంది?" అని తిరిగి అడిగితే పాదం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

ఇక కోపం సంగతి. 2023–24 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీస్‌లో మోహన్ బగాన్‌తో మొదటి మ్యాచ్ కళింగలో 2–1తో గెలిచి, రెండోది కోల్‌కతాలో ఓడి ఇంటికొచ్చాం. అంతవరకూ తీసుకెళ్లింది ఆయనే. 2025లో ఐఎస్ఎల్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక జట్లన్నీ అయోమయంలో ఉన్నాయి. ఆ సమయంలో ఇంకో చోట పని దొరికితే మనిషి వెళ్తాడు. వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. వెళ్లిన చోటు మనల్ని సెమీస్‌లో ఓడించిన జట్టు కావడమే మనకు గుచ్చుకుంది. నీ పద్యంలో ఆ జట్టు పేరు ఎక్కడా లేదు చూడు. ఉంటే పద్యం ఇంకా మండేది.

బరంపురం రైల్వే ఉద్యోగి:

గోవ వీడునాడు కూడ తెచ్చిన వారి
కోరి కోరి యొడిశ కొలువు చేర్చె
ఊరు విడువగలడు ఉసురైన జోడును
వీడి వెళ్లువాడె విడువలేడు

పర్లాకిమిడి తమ్ముడికి ఇదే నా జవాబు. లొబేరా వదిలేది ఊరిని. మనుషుల్ని వదలడు. గోవాలో ఆయన దగ్గర ఆడిన ముర్తదా ఫాల్, అహ్మద్ జాహూ 2020లో ఆయనతోపాటు ముంబై సిటీకి వచ్చారు. 2020–21లో అక్కడ లీగ్ షీల్డు, కప్పు రెండూ గెలిచారు. 2023లో ఆయన ఒడిశాకు వచ్చినప్పుడు మళ్లీ ఆ ఇద్దరూ వచ్చారు. కోచ్‌కు విశ్వాసం ఉండాల్సింది జెర్సీ రంగు మీదా, తనను నమ్మి వచ్చిన ఆటగాళ్ల మీదా?

*నిర్వాహకుడు:* ఈ వారం సమస్యను సూటిగా విప్పిన మొదటి పద్యం ఇదే. "దేనిని విడువలేడు?" అన్న ప్రశ్నకు కర్మపదం తెచ్చి పెట్టారు: జోడును. దాంతో పాదంలోని వైరుధ్యం పోయింది. ఊరు వేరు, మనుషులు వేరు.

ఒక లోపం ఉంది. మూడో పాదంలో "విడువగలడు ఉసురైన" అని సంధి చేయకుండా వదిలేశారు. పద్యంలో అది విసంధి. ఇలా మార్చండి:

ఊళ్లు విడుచుగాక యుసురైన జోడును

గణాలు చెడలేదు, ఊ–యు యతీ నిలిచింది. "ఊళ్లు" అనడంతో గోవా, ముంబై రెండూ వచ్చేశాయి. మొదటి పాదంలో ముంబై ప్రస్తావన లేదన్న లోటు కూడా కొంత తీరింది.

*పర్లాకిమిడి తమ్ముడు:* అన్నా, పద్యం బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ జోడును వెంట తెచ్చుకున్నవాడు మమ్మల్ని ఎందుకు తెచ్చుకోలేదు? అభిమానికి కాంట్రాక్టు ఉండదు కదా.

రాయగడ అక్కయ్య, బ్యాంకు ఉద్యోగి:

నెలల జీతమింక నిలిచియుండగ పోవు
కోచు పొరుగు జట్టు గూడి కూడ
పాత క్లబ్బునందు బాకీల లెక్కను
వీడి వెళ్లువాడె విడువలేడు

*నిర్వాహకుడు:* అక్కా, అన్వయం చక్కగా కుదిరింది. నెల జీతం మీద బతికేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన దేశంలో క్లబ్బులు జీతాలు ఆలస్యం చేయడం కొత్త కాదు. కోచ్ విశ్వాసం గురించి మాట్లాడేవాళ్లం ఆయన కుటుంబానికి అద్దె ఎవరు కడతారన్నది అడగం. ఇందులో దిద్దాల్సింది ఏమీ లేదు.

పర్లాకిమిడి మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయులు):

అక్కయ్య పద్యం బాగుంది. కానీ "కోచు", "క్లబ్బు" పద్యంలో వినడానికి నాకు కష్టంగా ఉంది. ఇదిగో నాది.

ఊపిరాగు వరకు నుండె రహీముడు
భాగ్యనగరమందు బంతితోడ
తనువు వీడె గాని తన జట్టు వీడునే
వీడి వెళ్లువాడె విడువలేడు

సయ్యద్ అబ్దుల్ రహీం గారు నాలాగే బడి మాస్టారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు ఆ జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. దేశపు జట్టుకూ ఆయనే గురువు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్‌లో పోయే వరకు రెండు బాధ్యతలూ ఆయనవే. ఇప్పటి కోచ్‌ల గురించి నాకు పెద్దగా తెలియదు. విశ్వాసం అన్న మాట వింటే నాకు గుర్తొచ్చేది ఆయనే.

*నిర్వాహకుడు:* మాస్టారూ, నమస్కారం. "వీడి"కి ముందు "తనువు" పెట్టి సమస్యను ఒక్క దెబ్బతో తేల్చేశారు. దేహాన్ని వదిలి వెళ్లినవాడు జట్టును వదలలేడు. "వీడె", "వీడునే", "వీడి", "విడువలేడు" అంటూ ఒకే క్రియ నాలుగుసార్లు తిరిగినా విసుగు పుట్టలేదు. పైగా అదే బలమైంది. "వరకు నుండె" దగ్గర యతికి అచ్చు చూడాలి, ఊ–ఉ. అది సరిపోయింది.

"కోచు" గురించి మీ అభ్యంతరాన్ని గౌరవిస్తాను, కానీ ఒప్పుకోలేను. వాడుక మాట కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. మైదానంలో మనం అరిచే మాటకు పద్యంలో చోటు ఉండాలి.

*జయపురం విద్యార్థి:* మాస్టారూ, చిన్న సందేహం. ఆ రోజుల్లో పోలీసు జట్టులో ఆటగాళ్లు ఆ శాఖ ఉద్యోగులే కదా. ఇప్పుడంతా కాంట్రాక్టులు, ఏజెంట్లు. ఆ కాలంతో ఈ కాలాన్ని పోల్చడం సబబేనా?

*మాస్టారు:* నాయనా, పోల్చమని నేను అనలేదు. నువ్వడిగింది న్యాయమే. కానీ జకార్తాకు వెళ్లేటప్పటికే ఆయన ఒంట్లో ఆ జబ్బు ఉంది. ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో గెలిచేదాకా ఆయన ఆ పని వదల్లేదు. ఆ రోజుల్లో ఏజెంట్లు లేరు కాబట్టే ఉండిపోయాడంటే నేను ఒప్పుకోను.

జయపురం విద్యార్థి:

షాబి నిలిచె నొక్క సంవత్సరము మాట
నిలుపుకొనియె పిదప నేల విడిచె
మాడ్రిడందు కూడ జర్మనీ తలపులే
వీడి వెళ్లువాడె విడువలేడు

*నిర్వాహకుడు:* తమ్ముడూ, షాబి అలొన్సోను తేవడం మంచి ఆలోచన. 2024 మార్చిలో లివర్‌పూల్, బయర్న్ రెండూ ఆయన కోసం చూస్తుంటే తాను శిక్షణ ఇస్తున్న జర్మనీ జట్టు లెవర్కూజన్‌లోనే ఉంటానని చెప్పాడు. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లీగా గెలిచాడు. మరుసటి ఏడాది రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. ఒక ఏడు ఆగి వెళ్లినవాడిని అభిమానులు ఎలా సాగనంపారో, చెప్పాపెట్టకుండా వెళ్లినవాడిని ఎలా పంపుతారో పక్కపక్కన పెట్టి చూస్తే, వెళ్లడం కన్నా వెళ్లే పద్ధతే మనకు ముఖ్యమని తెలుస్తుంది. కోచ్ బ్రెండన్ రాడ్జర్స్ 2019 ఫిబ్రవరిలో సీజన్ మధ్యలో స్కాట్లండ్ జట్టు సెల్టిక్‌ను వదిలి ఇంగ్లండ్ జట్టు లెస్టర్‌కు వెళ్లాడు. 2023లో తిరిగి సెల్టిక్‌కే వచ్చినప్పుడు కూడా కొందరు ఆ రోజును మరవలేదు.

పద్యంలో లోపం మూడో పాదంలో ఉంది. మా–జ యతి కుదరదు. ఇలా చూడు:

మాడ్రిడందు కూడ మదిని రైన్ తలపులే

లెవర్కూజన్ రైన్ నది ఒడ్డునే ఉంది. దేశం పేరు కన్నా నది పేరు వస్తే తలపు దగ్గరగా తోస్తుంది. యతీ దొరికింది. మిగతా మూడు పాదాలు ముట్టుకోను.

గుణుపురం అన్నయ్య:

నేను హైదరాబాద్ వైపు. మొదట ఇలా రాసుకున్నాను.

కప్పు గెలిచి యిచ్చి గచ్చిబౌలికి నాడు
గోవ దారి పట్టి కోచు వెడలె
మనసు మాత్రమతని మైదానమున నిల్చె
వీడి వెళ్లువాడె విడువలేడు

తృప్తి కలగలేదు. అప్పటి మా కోచ్ మనోలో మార్కెజ్ మనసు ఎక్కడ నిలిచిందో నాకెలా తెలుస్తుంది? అందుకే ఇంకొకటి.

జట్టు ఢిల్లి చేరె జండాలు మడతలై
యటకపైన నుండె నాట లేదు
కప్పు తెచ్చినట్టి ఘనుడె గుండె మిగిలె
వీడి వెళ్లువాడె విడువలేడు

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ ఫైనల్. 1–1 తర్వాత పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1తో కప్పు మనది. 2023లో మార్కెజ్ గోవాకు వెళ్లినప్పుడు నేనూ తిట్టాను. 2025లో క్లబ్బే హైదరాబాద్‌ను వదిలి ఢిల్లీకి పోయింది. అప్పుడు ఎవరిని తిట్టాలి? జట్టు లేదు, ఊళ్లో మ్యాచ్ లేదు. ఆ కప్పు తెచ్చిన మనిషి జ్ఞాపకం ఒక్కటే మిగిలింది.

*నిర్వాహకుడు:* అన్నయ్యా, మీరు మొదటి పద్యాన్ని పక్కన పెట్టిన కారణం సరైనది. "మనసు నిల్చె" అనేది అభిమాని కోరిక. దాన్ని జరిగిన విషయంలా చెబితే పాఠకుడు నమ్మడు. రెండో పద్యంలో విడువలేనితనం కోచ్ వైపు నుంచి మన వైపుకు తిరిగింది. ఆయన మనల్ని విడువలేకపోవడం కాదు, మన గుండెలోంచి ఆయన పోకపోవడం. "మడతలై యటకపైన" చదివి నేను కాసేపు ఆగిపోయాను. జెండా మడత పెట్టి అటక మీద పెట్టినవాళ్లకే ఆ పాదం వస్తుంది. క, ఘ ఒకే వర్గం కాబట్టి మూడో పాదంలో క–ఘ యతి నిక్షేపంగా చెల్లుతుంది. రెండు, నాలుగు పాదాల్లోనూ దిద్దేది లేదు.

పర్లాకిమిడి తమ్ముడూ, "అభిమానికి కాంట్రాక్టు ఉండదు కదా" అని నువ్వన్న మాటకు గుణుపురం అన్నయ్య పద్యమే జవాబు. క్లబ్బులు చూపించే విశ్వాసాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోచ్ క్లాడియో రనియేరి లెస్టర్‌కు 2016లో ఇంగ్లండ్ టైటిల్ తెచ్చాడు. 2017 ఫిబ్రవరిలో ఆ క్లబ్బే ఆయన్ను పంపించేసింది. కోచ్ వెళ్లిపోతే ద్రోహం అంటాం, క్లబ్బు పంపేస్తే నిర్ణయం అంటాం. నేను ఈ తేడాను ఒప్పుకోలేను.

*పర్లాకిమిడి తమ్ముడు:* సరే అన్నా. కోపం పోలేదు గానీ, ప్రశ్నార్థకం తీసేసి మళ్లీ రాస్తా. మోహన్ బగాన్ పేరు కూడా పెడతా.

*నిర్వాహకుడు:* రాయి. ఎదురుచూస్తాను. ఈ వారం నాకు బాగా నచ్చినవి రెండు: మాస్టారి రహీం పద్యం, గుణుపురం అన్నయ్య రెండో పద్యం. ఈ రెంటిలో ఒకటి ముందు, ఒకటి వెనుక అని చెప్పను.

వచ్చే వారం తేటగీతి. విషయం మీ ఇష్టమొచ్చిన మ్యాచ్. పాదం:

ఓటమియె గెలుపునకంటె నొప్పు మనకు

యతి ఓ–ఒ, "నొప్పు"లో న్ మీది అచ్చుకు. నాలుగో పాదంగానే రావాలి. శుక్రవారం లోపు పంపండి.