జనసాంద్రత మ్యాప్‌లో ఒక్క జిల్లా తప్ప మిగతావన్నీ ఒకే రంగులో వస్తున్నాయి, ఏం చేయాలి?

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో జిల్లాలవారీ జనాభా మ్యాప్ చేస్తున్నాను. మొదట జనాభా పట్టికని జిల్లా కోడ్ ఆధారంగా మ్యాప్‌కి జాయిన్ చేస్తే (కలిపితే) కొన్ని జిల్లాలకు నల్ (ఖాళీ) వచ్చింది, రోజంతా తల పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, షేప్‌ఫైల్‌లో (జిల్లాల సరిహద్దులుండే ఫైలు) కోడ్ "007" అని టెక్స్ట్‌గా ఉంటే నా సీఎస్‌వీలో (జనాభా పట్టిక ఉన్న ఫైలు) ముందున్న సున్నాలు ఎగిరిపోయి ఉత్త 7 మిగిలింది. సరే, అది సరిచేశాను. మొత్తం జనాభాకి రంగులేస్తే విస్తీర్ణంలో పెద్ద జిల్లాలే కళ్లకు కొడుతున్నాయని చదరపు కిలోమీటరుకు ఎంతమంది అన్న లెక్కకి మారాను.

అసలు తలనొప్పి ఇప్పుడు మొదలైంది. ఒక్క నగర జిల్లా సాంద్రత మిగతావాటికి ఎన్నో రెట్లు! రంగుల తరగతులకు ఈక్వల్ ఇంటర్వెల్ (అన్ని తరగతులకూ సమాన వ్యవధి) పెడితే అదొక్కటే ముదురు ఎరుపు, మిగతాదంతా వెలిసిపోయిన గుడ్డలా ఉంటోంది, పోనీ క్వాంటైల్ (ప్రతి తరగతిలో సమాన సంఖ్యలో జిల్లాలు) పెడదామంటే దాదాపు ఒకే సంఖ్య ఉన్న పక్కపక్క జిల్లాలకు వేరే రంగులు పడుతున్నాయి. జెంక్స్ (దగ్గరదగ్గర సంఖ్యల్ని ఒకే తరగతిలో చేర్చే పద్ధతి) వాడాలా, తరగతుల హద్దులు నేనే చేత్తో రాసుకోవాలా? రెండు జనగణనల మ్యాపులు పక్కపక్కన పెట్టాలి, రెండింటికీ అవే హద్దులు వాడితే కరెక్టేనా?